ట్రాక్టర్ ఇంజన్‌కి కొత్త ఫిట్టింగ్ వేసే ముందు దాని మర ఏ రకమో తెలుసుకోవడం ఎలా?

మా మినీ ట్రాక్టర్‌లో ఆయిల్ ప్రెషర్ స్విచ్ (ఆయిల్ ఒత్తిడి తగ్గితే దీపం వెలిగించేది) దగ్గర జిడ్డు కారుతుంటే కొత్తది తెచ్చి బిగించాను. చేత్తో రెండు చుట్లు తేలిగ్గా ఎక్కి ఆగిపోయింది. పానా పెట్టి ఇంకో చుట్టు తిప్పాను. మర్నాడు చూస్తే మళ్లీ అదే జిడ్డు. విప్పి వెలుతురులో పెట్టి చూశాను. కొత్త స్విచ్ మర ఒక పక్క నలిగి మెరుస్తోంది. రెండూ 1/8 అంగుళం సైజువే. పాతదానికి అంగుళానికి 28 మరలు, కొత్తదానికి 27. ఆ ఒక్క మర తేడాకే ఇంజన్ బ్లాక్‌లోని మర కూడా పాడయ్యేది.

స్విచ్ ఖరీదు ఎంతో ఉండదు. బ్లాక్‌లో మర పోతే మాత్రం లేత్ షెడ్డుకి తిరగాలి, పని రోజులు పోతాయి. అందుకే కొనేముందు పాతదాన్ని పావుగంట పరీక్షించండి.

ముందు ఇంజన్ చల్లారనిచ్చి, బ్యాటరీ ఎర్త్ వైరు తీసి, పాత ఫిట్టింగ్ విప్పండి. డీజిల్‌లో ముంచి బ్రష్‌తో మర సందుల్లో మట్టి, పాత టెఫ్లాన్ టేపు ముక్కలు పోయేదాకా రుద్దండి. మురికి ఉంటే ఏ కొలతా సరిగా రాదు. పాత ముక్కను మాత్రం పారేయకండి, షాపుకి తీసుకెళ్లాల్సింది అదే.

తర్వాత అది టేపరా (కొన సన్నగా ఉండి పోనుపోను లావెక్కేది), సమానమా (మొత్తం ఒకే లావు) చూడాలి. వెర్నియర్‌తో (మి.మీ.లో పదో వంతు కూడా కొలిచే స్కేలు) మొదటి మర దగ్గర ఒకసారి, చివరి మర దగ్గర ఒకసారి కొలవండి. టేపర్ మర 16 మి.మీ. పొడవుకి 1 మి.మీ. లావెక్కుతుంది. అంటే 8 మి.మీ. మర ఉన్న చిన్న స్విచ్‌లో అర మి.మీ. తేడా కనిపించాలి. వెర్నియర్ లేకపోతే మర మీద స్టీలు స్కేలు నిలువుగా ఆనించి, స్కేలు ఫిట్టింగ్ నిడివికి సమాంతరంగా ఉందో, ఓరగా ఉందో చూడండి. ఇంకో ఆనవాలు కూడా ఉంది. రాగి వాషరో, రబ్బరు రింగో పెట్టి బిగించినదైతే అది చాలావరకు సమానమైన మర. మర మీదే టేపో, పేస్టో ఉంటే టేపర్.

ఇక బయటి కొలత. ఇక్కడ చాలామంది తికమక పడతారు. 1/8 అంగుళం అంటే మూడు మి.మీ. పైచిలుకు కదా, ఇది పది మి.మీ. దగ్గర ఉందేమిటి అనిపిస్తుంది. పైపుల సైజు పేరు ఒకప్పుడు లోపలి బెజ్జాన్ని బట్టి పెట్టినది, బయటి మరను బట్టి కాదు. బ్రిటిష్ పైపు మర బీఎస్‌పీ 1/8 బయట 9.7 మి.మీ., అమెరికా పైపు మర ఎన్‌పీటీ 1/8 సుమారు 10.2, మి.మీ. లెక్కన ఉండే మెట్రిక్ మర ఎం10 సుమారు 10. ఇంత దగ్గరగా ఉన్నాయి కాబట్టి లావు ఒక్కటే చూసి తేల్చకూడదు. అందులోనూ టేపర్ మరను ఎక్కడ కొలిస్తే అక్కడ వేరే అంకె వస్తుంది.

అసలు తేల్చేది మరల దూరం. పిచ్ గేజ్ (రకరకాల పళ్లున్న ఇనుప ఆకుల కట్ట) ఉంటే దాని పళ్లు మర సందుల్లో ఆనించి వెలుతురుకి పట్టండి. సరైన ఆకు అయితే కాంతి ఎక్కడా దూరదు. తప్పు ఆకు అయితే మొదటి పళ్లు కూర్చుంటాయి, చివర్లో సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. గేజ్ లేకపోతే షాపులో రకం తెలిసిన బయటి మర ఫిట్టింగ్ అడిగి, రెండింటి మరలను పక్కపక్కనే ఒకదానిలో ఒకటి ఆనించి చూడండి. బీఎస్‌పీ 1/8లో (అంగుళానికి 28 మరలు) మరకీ మరకీ 0.907 మి.మీ., ఎన్‌పీటీలో (27 మరలు) 0.941, ఎం10x1 అనే సన్న మరలో సరిగ్గా 1 మి.మీ. ఏడు మరల దూరంలో మొదటి రెండింటికి తేడా పావు మి.మీ.కి దగ్గర పడుతుంది, కంటికి అందుతుంది.

పావు అంగుళం, 3/8 సైజుల్లో బీఎస్‌పీకి అంగుళానికి 19 మరలు, ఎన్‌పీటీకి 18. అర అంగుళం, ముప్పావు అంగుళం దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడ రెండింటికీ 14 మరలే. ఎక్కినట్టే ఉంటుంది, కారుతుంది. ఎందుకంటే మర కోణం వేరు. 1841లో విట్‌వర్త్ ప్రతిపాదించిన బ్రిటిష్ మర 55 డిగ్రీలది, అమెరికా మర 60 డిగ్రీలది.

మన ఇళ్లలో కొళాయి పైపులకు వాడేది బీఎస్‌పీయే. కుబోటా లాంటి జపాన్ ఇంజన్లలో ఆయిల్ స్విచ్‌కి వచ్చేదీ బ్రిటిష్ టేపరే, కేటలాగులో పీటీ 1/8 అనో ఆర్ 1/8 అనో ఉంటుంది. బజారులో విడిగా దొరికే ఆయిల్ మీటర్లలో చాలావాటికి ఎన్‌పీటీ ఉంటుంది. అలాంటిది వేయాలంటే మధ్యలో అడాప్టర్ కావాలి. టేపు ఎన్ని చుట్లు చుట్టినా ఆ పని చేయదు.

బిగించేటప్పుడు టేపు లేకుండా ముందు చేత్తో ఎక్కించి చూడండి. సరైన టేపర్ మర చేత్తో మూడు నాలుగు చుట్లు సాఫీగా వెళ్లి మెల్లగా బిగుస్తుంది. రెండో చుట్టుకే పట్టేస్తే పానా పక్కన పెట్టండి. సరిపోయాక మొదటి మర వదిలేసి, బిగించే దిశలోనే టేపు రెండు చుట్లు చుట్టి, పానాతో ఒకటిన్నర చుట్టు చాలు. ఒంటి వైరు స్విచ్‌కి ఎర్త్ ఆ మర గుండానే అందుతుంది. టేపు ఎక్కువ చుడితే ఎర్త్ తెగి, కీ వేసినా ఆయిల్ దీపం వెలగదు. అది వెలగకపోతే ఆయిల్ లేని రోజూ మీకు తెలియదు.

డీజిల్ లైన్ బాంజో బోల్టులకు (పైపు చివరి రింగులోంచి వేసే బోలు బోల్టులు) టేపు అసలు వద్దు. తునక ఊడి లోపలికి పోతే ఇంజెక్టర్ దాకా ఇబ్బందే. అక్కడ కొత్త రాగి వాషర్లు వేయాలి, పాతవి మళ్లీ వాడకూడదు.

ఎర్త్ వైరు తిరిగి పెట్టి, కీ వేసి దీపం వెలిగిందో చూసి స్టార్ట్ చేయండి. దీపం వెంటనే ఆరాలి. ఆరకపోతే ఇంజన్ ఆపేయండి. పది నిమిషాలు వేడెక్కాక ఆపి, మర చుట్టూ తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డకి నూనె మరక అంటకపోతే పని అయినట్టే.