బాక్టీరియా టైపింగ్ నేర్చుకుందాం – 5: వరస నంబరు చూసి వరసలు కలపొద్దు

పోయిన పాఠం చివర చిన్న లెక్క ఇచ్చాను. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియాలో ఎస్‌టీ8, ఎస్‌టీ9, ఎస్‌టీ239 – ఈ మూడింటిలో దగ్గరి చుట్టాలు ఏవి అని. (ఎస్‌టీ అంటే సీక్వెన్స్ టైప్, జీన్లు చదివి ఇచ్చే రకం నంబరు.) చాలామంది ఒకే జవాబు రాశారు: 8, 9. "పక్కపక్క నంబర్లే కదా" అని కారణం కూడా. పాపం 239ని అందరూ దూరంగా కూర్చోబెట్టారు.

తప్పు కొంత నాదే. నంబరు ఎలా వస్తుందో ఒక్క ముక్కలో చెప్పి దాటేశాను. ఈసారి మందులకు లొంగకుండా చేసే జీన్ల గురించి చెప్తానని మాటిచ్చాను గానీ, ఈ ముడి విప్పకుండా ముందుకెళ్తే లాభం లేదు. వాటి సంగతి చివర్లో కాస్త.

ఎస్‌టీ నంబరు క్యూలో ఇచ్చే టోకెన్ లాంటిది. ఏడు జీన్ల ముక్కలు చదివి డేటాబేస్‌కి పంపుతారు. ఆ ఏడింటి కలయిక అంతకుముందు ఎవరూ చూడనిదైతే తర్వాతి నంబరు ఇస్తారు, అంతే. 17వ టోకెన్ వాడికీ 18వ టోకెన్ వాడికీ చుట్టరికం ఏముంటుంది? వాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చారు. వరసలో నిలబడ్డంత మాత్రాన వరసలు కలవవు.

చుట్టరికం చూడాలంటే నంబరు వదిలేసి ప్రొఫైల్ చూడాలి, అంటే ఆ ఏడు జీన్లలో ఒక్కోదానికి ఒక్కో గడి చొప్పున రాసిన రకం నంబర్లు. జీన్ల క్రమం పోయినసారిదే, మళ్ళీ రాయను.

ఎస్‌టీ8: 3-3-1-1-4-4-3
ఎస్‌టీ9: 3-3-1-1-1-1-10
ఎస్‌టీ239: 2-3-1-1-4-4-3

ఒకదాని కింద ఒకటి రాసి, తేడా ఉన్నచోట పెన్సిల్‌తో సున్నా చుట్టండి. 8కీ 9కీ మధ్య మూడు సున్నాలు. 8కీ 239కీ మధ్య ఒక్కటే, మొదటి గడిలో. దగ్గరి చుట్టం 239. నేనిప్పటికీ మొదట కాగితం మీదే ఇలా చూసుకుంటాను, సాఫ్ట్‌వేర్ తర్వాతే.

ఇక నన్ను నిజంగా విసిగించేది రెండో తప్పు. ప్రొఫైల్ చూడాలని తెలిసినవాళ్ళు కూడా లోపలి అంకెల్ని తీసివేస్తున్నారు! ఎస్‌టీ5 ప్రొఫైల్ 1-4-1-4-12-1-10. ఎస్‌టీ225ది 1-4-1-4-12-25-10. ఆరో గడిలో ఒకచోట 1, ఇంకోచోట 25. "25 లోంచి 1 పోతే 24, కాబట్టి చాలా దూరం" అని ఒకరు రాశారు. కాదండీ. ఆ 1, 25 కూడా టోకెన్లే. ఆ జీన్ ముక్కలో 25వ రకంగా నమోదైంది కాబట్టి 25. రెండు ముక్కల మధ్య ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారినా కొత్త నంబరే, పది మారినా కొత్త నంబరే. గడిలో ఉండేది రెండే జవాబులు: ఒకటే, లేదా వేరు. ఎంత వేరు అన్న ప్రశ్నే లేదు.

ఇలా ఎందుకు పెట్టారంటే, బాక్టీరియా పక్కవాటి నుంచి డీఎన్‌ఏ ముక్కల్ని ఎత్తుకొస్తాయి. అలా వస్తే ఒక్క దెబ్బకు పది అక్షరాలు మారిపోవచ్చు. అక్షరాలు లెక్కపెడితే ఒక్క సంఘటనకు పది మార్కులు వేసినట్టవుతుంది. గడిని గడిగా లెక్కపెడితే ఒక సంఘటన, ఒక తేడా. చుట్టరికాల చెట్టు గీసే సాఫ్ట్‌వేర్‌లో కూడా ఈ గడుల్ని 'కేటగరికల్' (ఉత్త పేర్లు) అని చెప్పాలి. 'న్యూమరికల్' (లెక్కించే అంకెలు) అని వదిలేస్తే అది శ్రద్ధగా తీసివేతలు చేసి, చూడముచ్చటైన తప్పు చెట్టు గీసిస్తుంది. మొదట్లో నేనూ అలాంటి చెట్టొకటి గీసి, రెండు రోజులు గోడకు అంటించుకుని మురిసిపోయాను.

అలాగని ఒక్క గడి తేడా అంటే మిగతా డీఎన్‌ఏ అంతా కలిసినట్టేనా? 239 విషయంలో అదీ నిజం కాదు. ఎస్‌టీ30 ప్రొఫైల్ 2-2-2-2-6-3-2. మొదటి గడి చూడండి: 2. ఎస్‌టీ8 లాంటి దాని క్రోమోజోమ్‌లోకి ఎస్‌టీ30 లాంటి దాని నుంచి పెద్ద ముక్క, దాదాపు అయిదో వంతు, వచ్చి చేరితే పుట్టింది 239. ఆ ముక్కలో మన ఏడు జీన్లలో ఒక్కటే ఉంది. 28 లక్షల అక్షరాల జీనోమ్‌లో (అంటే మొత్తం డీఎన్‌ఏలో) మనం చూసేది మూడు వేల పైచిలుకు. అందుకే ఇప్పుడు మొత్తం జీనోమ్ చదివి, వందల నుంచి వేల జీన్లతో ఇదే పని చేస్తున్నారు. లెక్క పద్ధతి మాత్రం ఇదే.

సరే, మందులు. ఎస్‌టీ చూసి మందుకు లొంగుతుందో లేదో చెప్పకండి. పందుల్లో పేరుపడ్డ ఎస్‌టీ398 ప్రొఫైల్ 3-35-19-2-20-26-39. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగనిదీ ఉంది, లొంగేదీ ఉంది, మనుషుల్లోనూ ఉంది. రెంటికీ ప్రొఫైల్ ఒకటే. తేడా తెచ్చే మెక్‌ఏ జీన్ ఆ ఏడింటిలో లేదు, ఒక కదిలే డీఎన్‌ఏ ముక్కలో వచ్చి కూర్చుంటుంది. కాబట్టి దాన్ని విడిగా వెతకాలి. మెక్‌ఏ దొరకలేదని సంబరపడకండి కూడా. పాలిచ్చే ఆవుల నుంచి వచ్చిన కొన్ని నమూనాలు మందుకు లొంగలేదు, మెక్‌ఏ పరీక్షలో మాత్రం ఏమీ రాలేదు. అందులో ఉన్నది దాని దూరపు చుట్టం మెక్‌సీ అని 2011లో బయటపడింది. రెండు జీన్ల మధ్య పోలిక 70 శాతం మాత్రమే, మెక్‌ఏ కోసం తయారుచేసిన ప్రైమర్ (పరీక్షలో జీన్‌ని వెతికి అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్క) దాన్ని పట్టలేకపోయింది. దీని మీద వచ్చే పాఠం మొత్తం.

అభ్యాసం మర్చిపోయేవాణ్ణే. పైన ఇచ్చిన ఏడు ప్రొఫైళ్ళనూ (5, 8, 9, 30, 225, 239, 398) జంటలుగా పోల్చండి. 21 జంటలు వస్తాయి, అన్నీ చేత్తోనే. 9, 398 రెండూ పందుల్లో కనిపించేవే. వాటి మధ్య ఎన్ని గడులు కలిశాయో విడిగా రాయండి. ఓపిక మిగిలితే ఇంకోటి: ఒకే ఈ. కోలి నమూనాను ఒక ల్యాబ్ ఎస్‌టీ131 అంది, ఇంకో ల్యాబ్ ఎస్‌టీ43 అంది. ఇద్దరూ కరెక్టే. ఎలాగో కనుక్కోండి. ఒక చిన్న సాయం: ఒకరు ఏడు జీన్లు చదివారు, ఇంకొకరు ఎనిమిది.