ఉజ్జాయింపు లెక్కలు, 4వ పాఠం: కిలో హైడ్రోజన్ నుంచి ఎంత శక్తి?

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కలో (కిలో హైడ్రోజన్ అంతా కలిసి హీలియంగా మారితే ఎంత శక్తి వస్తుంది?) ఎక్కువమంది ఒకే చోట పడతారు. కిలో హైడ్రోజన్ అనగానే ఆ కిలో మొత్తాన్నీ ఐన్‌స్టీన్ సూత్రంలో (శక్తి = ద్రవ్యరాశి × కాంతివేగం వర్గం) పెట్టేస్తే 9 పక్కన 16 సున్నాల జౌళ్లు వస్తాయి. చూడ్డానికి బావుంటుంది గానీ తప్పు. కేంద్రక సంలీనంలో, అంటే చిన్న పరమాణువుల కేంద్రకాలు కలిసి పెద్దది కావడంలో, హైడ్రోజన్ మాయమవదు, హీలియం అవుతుంది. ఆ మారడంలో తరిగిన కాస్త ద్రవ్యరాశే శక్తి.

ఆ తరుగెంతో మనమే తీద్దాం, కాగితం తీసుకోండి. పరమాణు ద్రవ్యరాశి ప్రమాణాల్లో హైడ్రోజన్ పరమాణువు 1.00783, నాలుగు కలిపితే 4.0313. వచ్చే హీలియం 4.0026. తేడా 0.0287. దాన్ని 4.0313తో భాగిస్తే 0.0071, అంటే కిలోకి 7 గ్రాముల చిల్లర. (1920లో బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ సూర్యుడి వేడికి మూలం ఇదే కావచ్చన్నది కూడా ఈ తేడా చూసే.) ఇప్పుడు 0.0071ని 9 పక్కన 16 సున్నాలతో గుణించండి: 64 పక్కన 13 సున్నాల జౌళ్లు, అంటే దాదాపు 18 కోట్ల యూనిట్ల కరెంటుకు సమానం. మేలురకం బొగ్గు కిలోకి 3 కోట్ల జౌళ్లిస్తుందనుకుంటే, ఇంత వేడికి 21 వేల టన్నులు తగలెయ్యాలి!

అయితే ఇది సూర్యుడి పద్ధతి, అక్కడ కూడా ఒక ప్రోటాన్ (హైడ్రోజన్ కేంద్రకం) వంతు రావడానికి సగటున వందల కోట్ల ఏళ్లు పడుతుంది, అంత ఓపిక మనకెక్కడిది. అందుకే భూమ్మీద హైడ్రోజన్‌లోనే బరువైన రకాలైన డ్యుటీరియం, ట్రిటియం వాడతారు. అదే లెక్క మళ్లీ చెయ్యండి: 2.0141, 3.0160 కలిపి 5.0301, బయటికొచ్చే హీలియం, న్యూట్రాన్ కలిపి 5.0113. తరుగు వెయ్యికి నాలుగు కూడా లేదు, ఇందాకటి దాంట్లో సగమే. పైగా ఆ శక్తిలో అయిదింట నాలుగు వంతులు న్యూట్రాన్ పట్టుకుపోతుంది, దానికి విద్యుదావేశం లేదు కాబట్టి ఇంధనాన్ని పట్టి ఉంచే అయస్కాంతం దాన్ని ఆపలేదు, గోడకు తగిలి వేడెక్కిస్తే ఆ వేడితో ఆవిరి పుట్టించుకోవాలి.

ఇవన్నీ పైహద్దులు, అది మరవద్దు. 2022 డిసెంబరులో అమెరికాలోని లేజర్ ప్రయోగంలో ఇంధనపు గుళిక ఉన్న చిన్న గొట్టంలోకి పంపింది 20.5 లక్షల జౌళ్లు, వచ్చింది 31.5 లక్షలు. కానీ ఆ లేజర్లు తీగల్లోంచి లాగింది దాదాపు 30 కోట్లు.

వచ్చే పాఠంలోపు చెయ్యాల్సింది: ఘనమీటరు సముద్రపు నీటిలో సుమారు 33 గ్రాముల డ్యుటీరియం ఉంటుంది. రెండు డ్యుటీరియాలు కలిసి నేరుగా ఒక హీలియం అవుతాయనుకుని (నిజానికి అలా జరగడం చాలా అరుదు, మనకు కావాల్సింది పైహద్దే) ఎన్ని యూనిట్లో తేల్చండి.