పని విలువ పెంచుకుందాం – 3వ పాఠం: పక్క సీటు పని నేర్చుకోవడం

గత పాఠంలో ఇచ్చిన అభ్యాసం చేసే ఉంటారు. వారం రోజులు మీరు చేసే పనులన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయమన్నాను. ప్రతి పని పక్కన అది ఎవరి దగ్గర నుంచి మీకు వస్తోందో, మీ చేతిలోంచి ఎవరికి వెళ్తోందో కూడా రాయమన్నాను. ఈరోజు ఆ నోట్‌బుక్ ముందు పెట్టుకోండి. రాయనివాళ్లు అది పూర్తిచేసి రండి. అది లేకుండా చదివితే పాఠం అర్థమవుతుంది కానీ చేతికి రాదు.

వ్యాపారాలు తగ్గిన కాలంలో చాలా సంస్థలు ముందుగా చేసేది ఉన్నవాళ్లను తీసేయడం కాదు, కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేయడం. ఎవరైనా మానేసినా, రిటైరైనా ఆ సీటు ఖాళీగానే ఉండిపోతుంది. సీటు ఖాళీ అవుతుంది గానీ అక్కడ జరిగే పని ఎక్కడికీ పోదు. నెల తిరిగేసరికి వెళ్లాల్సిన రిపోర్టు వెళ్లదు, కస్టమర్ అడిగినదానికి జవాబు చెప్పేవాళ్లు ఉండరు. అప్పుడు మేనేజర్ వెతికేది ఆ పని తెలిసిన మనిషి కోసమే. ఆ మనిషి మీరు కావాలంటే సీటు ఖాళీ కాకముందే పని తెలిసి ఉండాలి.

ఇది నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. అకౌంట్స్ సెక్షన్‌లో చేరిన కొత్తలో నా పక్క సీటులో ఒక సీనియర్ ఉండేవారు. నెలాఖరున బ్యాంకు లెక్కను, మా పుస్తకాల్లోని లెక్కను సరిచూసేది ఆయనే. ఆయన మానేశారు, ఆ స్థానంలో ఎవరినీ తీసుకోలేదు. ఏడాదిన్నర ఆయన పక్కనే కూర్చున్న నాకు ఆ లెక్క ఎక్కడ మొదలవుతుందో కూడా తెలియదు. మూడు రాత్రులు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. రోజుకు పది నిమిషాలు ఆయన పక్కన కుర్చీ వేసుకుని చూసి ఉంటే సరిపోయేది.

తొందర పడమని చెప్పడం లేదు, టైమ్ తీసుకోండి. ఉద్యోగాల గడ్డుకాలం మనం అనుకున్నదానికంటే ఎక్కువ రోజులే ఉంటుంది. అమెరికాలో 2007 డిసెంబరులో మొదలైన మాంద్యం లెక్క ప్రకారం 2009 జూన్‌లో ముగిసింది. నిరుద్యోగం మాత్రం ఆ తర్వాత కూడా పెరిగి, 2009 అక్టోబరులో 10 శాతానికి చేరింది. వ్యాపారం కోలుకున్నా, సంస్థలు మళ్లీ మనుషుల్ని తీసుకోవడానికి ధైర్యం చేసేసరికి ఇంకొంత కాలం పడుతుంది. అందుకే ఏడాదికి సరిపడా ప్లాన్ వేసుకోండి. మూడు నెలలకు ఒక కొత్త పని వస్తే చాలు.

ఏ పని ఎంచుకోవాలి? నోట్‌బుక్‌లో మీకు పని అందించేవాళ్లు, మీ దగ్గర అందుకునేవాళ్లు ఉన్నారు కదా, వాళ్ల పనుల్లోంచే ఒకటి తీసుకోండి. సగం సంగతి మీకు ఇప్పటికే తెలుసు. వాళ్లు రెండు రోజులు సెలవు పెడితే ఏది ఆగిపోతుందో చూడండి. దానికి గడువు తేదీ ఉండి, దానికోసం డబ్బో కస్టమరో ఎదురుచూస్తుంటే అదే మీ పని. ఒక్క జాగ్రత్త: బిల్లు తయారుచేసేవాళ్లు, దాన్ని మంజూరు చేసేవాళ్లు వేర్వేరుగా ఉండాలనే నియమం డబ్బుతో వ్యవహరించే చాలాచోట్ల ఉంటుంది. ఆ రెండూ ఒకే చేతిలోకి తెచ్చుకోవద్దు. ఇంకొకరి పాస్‌వర్డ్ అసలే అడగొద్దు.

అసలు కష్టం అడగడం దగ్గరే. అందరూ భయంగా ఉన్న రోజుల్లో "మీ పని నాకు నేర్పండి" అంటే, నా సీటుకే ఎసరు పెడుతున్నాడని ఎదుటివాళ్లు అనుకుంటారు. అలా అనుకోవడం తప్పేమీ కాదు. అందుకే ముందు మీరు ఇవ్వండి. "మేడమ్, నేను పంపే స్టాకు లెక్క ఎలా తయారుచేస్తానో మీకు చూపిస్తాను. నేను రాని రోజు మీకు ఇబ్బంది ఉండదు" అనండి. వారం పోయాక, "మీరు సెలవు పెట్టినప్పుడు ఆ రిపోర్టు నేను చూసుకుంటాను, ఒకసారి పక్కన కూర్చోమంటారా?" అని అడగండి. మేనేజర్‌కు కూడా ఒక మాట చెప్పి ఉంచండి. చాటుగా నేర్చుకుంటే అనుమానమే మిగులుతుంది.

తన పని ఇంకెవరికీ తెలియకపోతే తన ఉద్యోగం భద్రమని చాలామంది నమ్ముతారు. నేను ఒప్పుకోను. అలాంటివాళ్లు నిశ్చింతగా ఒక సెలవు పెట్టలేరు. ఆ సీటు వదిలి రాలేరు గనక పై బాధ్యత కూడా వాళ్లదాకా రాదు. విభాగం మొత్తం మూసేస్తే దాచుకున్న పని కూడా దాంతోపాటే పోతుంది. అప్పుడు నాలుగు పనులు తెలిసినవాళ్లకు కూడా ఉద్యోగం నిలుస్తుందని మాట ఇవ్వలేను. కానీ నేర్చుకున్న పని వాళ్ల వెంటే వస్తుంది, ఇంకోచోట అడగడానికి పనికొస్తుంది.

ఇక నేర్చుకునే పద్ధతి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లోకి పని తెలియని కొత్తవాళ్లు పెద్ద సంఖ్యలో వచ్చారు. వాళ్లకు త్వరగా పని నేర్పడానికి 1940లో ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అనే కార్యక్రమం మొదలైంది. యుద్ధం తర్వాత అది జపాన్‌కూ వెళ్లింది, టొయోటా తన శిక్షణలో వాడుకుంది. అందులో పనిని రెండు వరసల్లో రాస్తారు. ఎడమవైపు మెట్లు, అంటే పని ముందుకు జరిగే దశలు. కుడివైపు కీలకాలు: ఏది తప్పితే పని చెడుతుందో, ఏది మనిషికి దెబ్బ తగిలిస్తుందో, ఏ కిటుకు పనిని తేలిక చేస్తుందో అవి. మెట్లు ఎవరైనా చెప్తారు. అనుభవమంతా కుడివైపు వరసలోనే ఉంటుంది.

బ్యాంకు లెక్కనే చూడండి. "స్టేట్‌మెంట్‌ను, మన పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి కలిసినవాటికి టిక్ పెట్టాలి" అనేది మెట్టు. "పోయిన నెల తేలకుండా మిగిలినవి ముందు తీసుకో. ఒకే మొత్తం రెండుసార్లు కనిపిస్తే చెక్కు నంబరు చూసి కలుపు. బ్యాంకు కోసుకున్న చార్జీలు మన పుస్తకంలో ఉండవు, అవి విడిగా రాసుకో" ఇవన్నీ కీలకాలు. ఈ మూడూ ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ మూడు రాత్రులూ నేను హాయిగా నిద్రపోయేవాణ్ని. చేసేవాళ్లకు ఇవి అలవాటైపోయి ఉంటాయి గనక వాళ్లంతట వాళ్లు చెప్పరు. చెయ్యి ఆగిన ప్రతిచోటా "ఇక్కడ ఎందుకు ఆగారు?" అని అడగండి.

చూసినంత మాత్రాన పని రాదు. మొదటిసారి వాళ్లు చూస్తుండగా మీరు మాట్లాడకుండా చేయండి, తప్పు పోతే అక్కడే దిద్దించుకోండి. రెండోసారి చేస్తూ ప్రతి మెట్టునీ, కీలకాన్నీ, దాని కారణాన్నీ పైకి చెప్పండి. కారణం దగ్గర తడబడితే ఆ ముక్క ఇంకా రానట్టే.

వచ్చే పాఠంలోగా ఒక పనికి ఇలా రెండు వరసలూ రాయండి, ఒకే పేజీలో. దీనికి వారానికి రెండు గంటలు మించనివ్వకండి, మీ సొంత పని వెనకబడకూడదు. రాసిన పేజీ ఆ పని చేసేవాళ్లకే చూపించి, తప్పులు దిద్దమనండి. తర్వాత వాళ్లు సెలవు పెట్టిన రోజున ఆ పేజీ ఒక్కటే చూసుకుంటూ పని పూర్తిచేయండి. ఎక్కడ ఆగిపోయారో ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టుకోండి. 4వ పాఠం ఆ ఎర్ర గుర్తుల దగ్గరే మొదలవుతుంది.