రోడ్‌మాస్టర్ వ్యాగన్‌ని లగ్జరీ కారుగా మార్చే ముందు

లెదర్ శాంపిల్స్ తెప్పించుకునే ముందు కార్పెట్ ఎత్తి చూడండి.

నేను చెబుతున్నది 1991 నుంచి 1996 దాకా వచ్చిన బ్యూక్ రోడ్‌మాస్టర్ ఎస్టేట్ గురించి. పక్కలకి చెక్క డిజైన్ స్టిక్కరు, పైన విస్టా రూఫ్ అనే పెద్ద అద్దం, వెనక్కి తిరిగి కూర్చునే మూడో వరస సీటు, ఎనిమిది మంది పట్టే బండి. చివరి రోజుల్లో ఇవి తయారైంది డాలస్ పక్కనున్న ఆర్లింగ్టన్ ప్లాంట్‌లోనే, 1996 తర్వాత ఆ ప్లాంటుని పెద్ద ఎస్‌యూవీలకి మార్చేశారు. అలాంటి బండి ఒకటి కొనేసి, చలికాలం వీకెండ్స్‌లో లోపలంతా పీకి, కెప్టెన్ సీట్లు, స్క్రీన్లు, కొత్త పెయింటుతో రాజాలా తయారు చేద్దామని ప్లాన్ వేసుకునే, అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసమే ఇది.

మొదటి శత్రువు నీళ్లు. విస్టా అద్దం చుట్టూ, రూఫ్ రాక్ బోల్టుల దగ్గర, వెనక డోరు రబ్బరు దగ్గర కారుతుంటుంది. ఒకరు టార్చితో లోపల కూర్చోండి, ఇంకొకరు పైపు పట్టుకుని కింది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి తడుపుకుంటూ రావాలి, ఒకేసారి పైనుంచి పోసేస్తే నీళ్లు ఎక్కడ దూరాయో అర్థం కాదు. ఈ లీకులు ఆపకుండా ఫ్లోరు మీద చప్పుడు తగ్గించే సౌండ్ మ్యాట్లు అంటించారా, కింద తడి ఇరుక్కుపోయి రేకు లోలోపలే తుప్పు పడుతుంది, మీకు తెలిసేసరికి స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగిపోయేంత అవుతుంది. మ్యాట్లు కూడా బ్యూటైల్ రబ్బరువే కొనండి. డబ్బులు మిగులుతాయని ఇంటి పైకప్పుకి వేసే తారు షీట్లు అంటిస్తే టెక్సస్ ఎండకి ఆ వాసన జన్మలో పోదు. చెక్క స్టిక్కరు పీకేటప్పుడు అంచు పట్టీల కింద కూడా చూడండి, తుప్పు దాక్కునేది అక్కడే.

తర్వాత సీట్లు. నాకు ఎక్కువ భయం దీంతోనే. వేరే వ్యాన్‌లోంచి మోటార్ సీట్లు తెచ్చి, ఫ్లోర్ రేకుకి చిల్లులు పెట్టి, కింద నాలుగు వాషర్లు వేసి బిగిస్తే కూర్చోవడానికి బాగానే ఉంటుంది, గుద్దుకున్నప్పుడే ఆ బోల్టులు రేకుని చీల్చుకుని వచ్చేస్తాయి. బెల్టు కూడా సీటుకే ఉన్న రకం అయితే మనిషి బరువంతా ఆ రేకు మీదే పడుతుంది. బెల్టులు కంపెనీ ఇచ్చిన పాయింట్లకే బిగించాలి, సీటు పట్టాలు ఫ్లోర్ బలంగా ఉన్న చోటుకే రావాలి, అలా కుదరకపోతే ఆ సీటు వదిలేయండి. మూడో వరస తీసేస్తే అక్కడ దిండ్లు పరిచి పిల్లల్ని కూర్చోబెట్టే ఆలోచన అసలు వద్దు. సీట్లకి వేసే ఫోము, గుడ్డ ఎఫ్‌ఎంవీఎస్ఎస్ 302 (బండి లోపలి సామానుకి మంట ఎంత వేగంగా అంటుకోవచ్చో చెప్పే అమెరికా ప్రభుత్వ రూలు) ప్రకారం పరీక్ష చేసినవేనా అని షాపులో అడగండి. మంట నిమిషానికి 4 అంగుళాలకు మించి పాకకూడదన్నది ఆ రూలు, సోఫాల కోసం అమ్మే చవక ఫోముకి ఆ గ్యారంటీ ఉండదు.

స్టీరింగ్ మార్చి చెక్కది పెడదామని చాలామందికి ఉంటుంది. 1994 నుంచి వచ్చిన బళ్లలో ముందు రెండు వైపులా ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి, అందం కోసం వాటిని తీసేయడం నా దృష్టిలో పిచ్చి పని. డ్యాష్ జోలికి వెళ్లే ముందు బ్యాటరీ వైరు తీసి, సర్వీస్ మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగాకే చెయ్యి పెట్టండి.

వైరింగ్‌లో పెద్ద మాయలేం లేవు: కొత్తగా లాగే ప్రతి లైనుకీ బ్యాటరీ పక్కనే ఫ్యూజు, రేకులోంచి దూరే ప్రతి చోటా వైరు కోసుకుపోకుండా రబ్బరు గ్రొమెట్ (రింగు). అంతే.

గ్యారేజ్ విషయానికొస్తే, చలికి తలుపు మూసుకుని పెయింట్ కొట్టడం అస్సలు వద్దు. టెక్సస్‌లో చాలా ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటరు గ్యారేజ్‌లోనే ఉంటుంది, దాని చిన్న మంటకి థిన్నర్ ఆవిరి తగిలితే చాలు. పైగా రెండు డబ్బాలు కలిపి కొట్టే యురెథేన్ క్లియర్‌లో (రంగు మీద మెరుపు కోసం కొట్టే పూత) ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, అవి ఊపిరితిత్తుల్ని పాడుచేసే మోతాదులో ఉన్నా వాసన తెలియకపోవచ్చు, మాస్కు సరిగ్గా పని చేస్తోందో లేదో కూడా మనకి తెలీదు. బయటి నుంచి గాలి అందించే మాస్కు లేకపోతే ఆ పని పెయింట్ బూత్ ఉన్న షాపుకి ఇచ్చేయండి. వెల్డింగ్ అయితే కార్పెట్, సీట్లు అన్నీ బయటికి, పెట్రోల్ ట్యాంకు దించి దూరంగా, చేతికందేలా ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, పని అయ్యాక కనీసం అరగంట అక్కడే కాపలా.

ఇంజిన్ మెరిపిద్దామని ప్రెషర్ వాషర్ పెట్టకండి. 1994-96 బళ్లలో ఉన్న 5.7 లీటర్ల ఎల్‌టీ1 ఇంజిన్‌కి ఆప్టిస్పార్క్ అనే డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచేది) ముందు భాగంలో, సరిగ్గా వాటర్ పంప్ కింద ఉంటుంది, తడి తగిలితే మొరాయిస్తుంది. పంప్ కారుతున్న గుర్తులుంటే పెయింటు కన్నా ముందు ఆ పంపు మార్చండి. ఇంజిన్, బ్రేకుల సామాను ఈజీగానే దొరుకుతుంది, ఎందుకంటే అప్పటి షెవీ కప్రీస్ పోలీసు బళ్లలో వాడిందీ చాలావరకు ఇదే సామాను. విస్టా అద్దం, వెనక డోరు పట్టీలు మాత్రం ఈ రకం వ్యాగన్లకే ప్రత్యేకం, విరిగితే వేట మొదలు, కాబట్టి ఊడదీసినవన్నీ దుప్పట్లలో చుట్టి ఇంట్లోనే దాచండి.

పని మొదలుపెట్టే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి హైవే మీద ట్రక్ స్టాప్‌లో ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా తూకం వేయించండి. లగ్జరీ అంటే బరువు, అది ఎక్కువగా వెనకే చేరుతుంది. డ్రైవర్ డోరు అంచున ఉన్న స్టిక్కరు మీద ఉన్న బరువు పరిమితి దాటితే ఏదో ఒకటి దించాల్సిందే. టెక్సస్‌లో 2025 నుంచి మామూలు కార్లకి సేఫ్టీ తనిఖీ లేదు, అంటే బ్రేకులు చూసి ఆపేవాడు ఇక ఎవడూ లేడు, పని చేసిన షాపు కాకుండా వేరే మెకానిక్‌తో చూపించుకోండి. కాలిఫోర్నియాలో అయితే మరీ కొత్తవి తప్ప 1976, ఆ తర్వాతి పెట్రోల్ కార్లకి స్మాగ్ పరీక్ష (పొగ తనిఖీ) ఉంది, పొగ గొట్టం వైపు ఏం మార్చాలన్నా ముందు అది చూసుకోండి.

ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోను మాత్రం సీట్లు విప్పకముందే చేయండి. మామూలు పాలసీలో మీ బండి వాళ్ల లెక్కలో పాత వ్యాగనే, మీరు పోసిన డబ్బు దానికి పట్టదు. అగ్రీడ్ వాల్యూ పాలసీ (బండి విలువ ఎంతో ముందే ఒప్పుకుని రాసుకునేది) అడగండి, బిల్లులూ ఫోటోలూ మొదటి రోజు నుంచే ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి, పని మధ్యలో బండి గ్యారేజ్‌లో ముక్కలుగా ఉన్నప్పుడు కూడా కవర్ అవుతుందా అన్నది ఈమెయిల్‌లో రాయించుకోండి.