పాత కారుకి లేన్ వార్నింగ్: నా అనుభవం
సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారుకి స్టీరింగ్‌ని తనంతట తానే సరిచేసే లేన్ అసిస్ట్ (కారుని దాని లేన్‌లోనే ఉంచే ఏర్పాటు) బయటి షాపులో పెట్టించడం దాదాపు కుదరని పని, ఎందుకంటే కెమెరా మాట వినే ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్, దానికి తగ్గ సాఫ్ట్‌వేర్ రెండూ కారులో ఉండాలి. అందుకే లేన్ గీత దాటితే బీప్ కొట్టే డాష్‌క్యామ్ (ముందు అద్దం దగ్గర పెట్టే, రోడ్డుని రికార్డు చేసే కెమెరా) తిరుపతిలో బిగించుకున్నాను. చంద్రగిరి దాటి చిత్తూరు వైపు పోతుంటే, లేన్ మధ్యలోనే ఉన్నా ఒకటే గోల! కెమెరాని వైపర్ తుడిచే చోటికి, సరిగ్గా అద్దం మధ్యకి జరిపి, చదునైన చోట బండి ఆపి, స్క్రీన్ మీద హొరైజన్ (నేల, ఆకాశం కలిసినట్టు కనిపించే చోటు) గీత, బానెట్ అంచు గీత మళ్లీ సెట్ చేశాను. దారికొచ్చింది. మీ మోడల్‌కి ఇండికేటర్ వైరు ఉంటే అదీ కలిపించండి, లేకపోతే కావాలని లేన్ మారినా అరుస్తుంది. గీతలు చెరిగిపోయిన రోడ్ల మీద మాత్రం నోరెత్తదు, ఘాట్ రోడ్డులో ఆ వార్నింగ్‌ని నేనే ఆపేస్తాను.