పసిబిడ్డకు తొలి హాలోవీన్: వేషం వేసే ముందు చూసుకోవాల్సినవి

అమెరికాలో ఉంటున్న మన ఇళ్లలో అక్టోబర్ వచ్చిందంటే బిడ్డకు ఏ వేషం వేద్దామన్నదే మాట. తొలి హాలోవీన్ కదా, ఇండియాలో ఉన్న అమ్మమ్మ తాతయ్యలకు ఫొటోలు పంపాలి, డే కేర్‌లో పరేడ్ ఉంటుంది, అక్టోబర్ 31 సాయంత్రం వీధిలో పిల్లలందరూ వేషాలు వేసుకుని మిఠాయిల కోసం ఇంటింటికీ వస్తారు. వేయండి, తప్పకుండా వేయండి. ఏడాది నిండని బిడ్డకు ఈ పండగలో దయ్యాలతో, చీకటితో పెద్దగా పని లేదు. వాళ్లకు వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు నోట్లోకి పోయేవి, మెడకు చుట్టుకునేవి, ఒంటికి ఉడుకు పుట్టించేవి, ఈ మూడే. ఏ వేషం కొన్నా, ఏ బొమ్మ చేసినా ముందు ఈ మూడూ చూడండి, అందంగా ఉందా లేదా అన్నది ఆ తర్వాత.

షాపుల్లో దొరికే గుమ్మడికాయ వేషాల్లో చాలావాటికి లోపల దూది కూరి ఉంటుంది. చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది కానీ అది వేసుకుని బిడ్డ కూర్చోలేదు, పాకలేదు, హీటర్ వేసిన ఇంట్లో పది నిమిషాలకే చెమట పట్టేస్తుంది. నా మాట అడిగితే, ఒంటికి సరిగ్గా పట్టే నారింజ రంగు నైట్ సూట్ ఒకటి కొని, నల్లటి ఫెల్ట్ గుడ్డతో కళ్లు, నోరు కత్తిరించి దాని మీద కుట్టేయండి, అంతకు మించిన వేషం అక్కర్లేదు. అంటించొద్దు, కుట్టండి. హాట్ గ్లూతో అంటించిన ముక్క మొదట గట్టిగానే ఉంటుంది, కానీ పళ్లు వస్తున్న బిడ్డ చొంగతో నానబెట్టి లాగిందంటే ఊడి నేరుగా నోట్లోకే పోతుంది. కుట్టాక ప్రతి ముక్కనీ మీరే పట్టుకుని గట్టిగా లాగి చూడండి, కదిలిందంటే మళ్లీ కుట్టాల్సిందే. కదిలే కళ్లు, పాంపాం ఉండలు, చమ్కీలు, గ్లిటర్ అసలే వద్దు. ఏది ప్రమాదమో తేల్చుకోవడానికి టాయిలెట్ పేపర్ చుట్టలో మిగిలే అట్ట గొట్టం చాలు: అందులోంచి జారిపోయే వస్తువేదైనా బిడ్డ గొంతుకు అడ్డం పడగలదు.

తల మీద పెట్టే వాటి దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మాస్క్ పసిబిడ్డకు ఏ రకంగానూ పనికిరాదు, ఫొటో కోసం ఒక్క నిమిషమైనా సరే. గడ్డం కింద కట్టే తాళ్లు, మెడకు కట్టే కేప్, బిగుతైన ఎలాస్టిక్ బ్యాండ్ మానేయండి. చెవులున్న టోపీ కావాలంటే కట్టు లేకుండా మామూలుగా పెట్టేది, లాగితే వెంటనే ఊడొచ్చేది చూసుకోండి. బిడ్డ నిద్రపోతే టోపీ తీసేయాలి, వేషం కూడా తీసేయాలి. కార్లోనో స్ట్రోలర్‌లోనో కునుకు తీసింది కదా పాపం, లేపడం ఎందుకని అలాగే తెచ్చి తొట్లో పడుకోబెట్టకండి, మామూలు బట్టలు మార్చాకే పడుకోబెట్టండి. బిడ్డను క్యారియర్‌లో కట్టుకుని మీరు చెట్టు, బిడ్డ గుడ్లగూబ అనుకునేవాళ్లుంటే ఆలోచన చాలా బాగుంది, కాకపోతే ఎప్పుడు తల దించి చూసినా బిడ్డ ముఖం మీకు కనబడాలి, గడ్డం ఛాతీకి ఆనుకుపోకూడదు, ముక్కు మీదికి గుడ్డ రాకూడదు.

కృష్ణాష్టమికి కొన్న చిన్ని కృష్ణుడి వేషం ఉంది కదా, అదే వేసేద్దాం అనేవాళ్లు మనలో చాలామంది ఉంటారు. మంచిదే, మన వేషం వీధిలో వేరేగా కనబడుతుంది కూడా. కానీ ముత్యాల దండలు, గజ్జెలు, నెమలి ఈక, కిరీటంలో అతికించిన రాళ్లు పసిబిడ్డ దగ్గర ఉండకూడనివే. గజ్జెల పట్టీకున్న చిన్న మువ్వ ఊడిందంటే సరిగ్గా గొంతులో ఇరుక్కునే సైజు అది. పసుపు పంచె, బొడ్డు దగ్గర ఎర్ర గుడ్డ చాలు, దండలు కావాలంటే లోపలి బనీను మీద ఫ్యాబ్రిక్ రంగుతో ముందే గీసి, ఆరబెట్టి, ఒకసారి ఉతికి వేయండి.

ముఖానికి రంగులు వద్దు. పసిబిడ్డ చర్మం పలుచన, పైగా ముఖం మీద ఏం రాసినా రెండు నిమిషాల్లో చేతికి, చేతి నుంచి నోటికి చేరిపోతుంది. పిల్లి మీసాలే కదా, కాటుకతో గీసేద్దాం అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, ఇక్కడ మాత్రం మర్యాదగానే కాదనండి. కాటుక, సుర్మా లాంటి వాటిలో సీసం ఉండొచ్చని, పిల్లలకు వాడొద్దని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చాలాకాలంగా హెచ్చరిస్తోంది. సీసం కొద్దిగా ఒంట్లోకి పోయినా పిల్లల మెదడు ఎదుగుదలకు దెబ్బే. మీసాలు కావాలంటే టోపీ మీద నల్లదారంతో కుట్టండి.

ఇక కార్ సీట్. వేషం వేసిన బిడ్డను కార్ సీట్‌లో కూర్చోబెట్టి, ఆ దూది మీదుగా బెల్ట్ బిగిస్తే బిగిసినట్టే అనిపిస్తుంది కానీ గుద్దుకున్నప్పుడు దూది నొక్కుకుపోయి బెల్ట్ వదులైపోతుంది, బిడ్డ అందులోంచి జారిపోవచ్చు. చలికోటు విషయంలో చెప్పే మాటే దీనికీ వర్తిస్తుంది. పలుచని బట్టల్లో కూర్చోబెట్టి, ఛాతీ క్లిప్ చంకల ఎత్తులో పెట్టి, భుజం దగ్గర బెల్ట్‌ను రెండు వేళ్లతో పట్టుకుంటే మడత దొరకనంత బిగించాలి. చలి అనిపిస్తే దుప్పటి పైన కప్పండి. వేషం అక్కడికి వెళ్లాకే వేయండి.

ఉడుకు పట్టిందా లేదా తెలియాలంటే చేతులు, కాళ్లు ముట్టుకుని లాభం లేదు, పిల్లలకు అవి మామూలుగానే చల్లగా ఉంటాయి. మెడ వెనక, వీపు మీద చెయ్యి పెట్టి చూడండి, తడిగా వేడిగా ఉంటే ఒక పొర తీసేయాలి. పండగకు కొన్ని రోజుల ముందే, పాలు తాగి హుషారుగా ఉన్నప్పుడు, వేషం వేసి కాసేపు ఆడించి చూస్తే ఎక్కడ గుచ్చుకుంటోందో, ఎక్కడ బిగుసుకుంటోందో అప్పుడే బయటపడుతుంది, ఆ రోజు టెన్షన్ ఉండదు.

ఇంట్లో చేసే బొమ్మల్లో నాకు బాగా నచ్చేది అరికాలి దయ్యం. నల్ల కాగితమో నారింజ కాగితమో తీసుకుని, బిడ్డ అరికాలికి నీళ్లతో కడిగితే పోయే తెల్లరంగు పూసి అచ్చు వేయించి, కాగితాన్ని తలకిందులు చేస్తే మడమ దయ్యం తల అవుతుంది, వేళ్లు తోక చివర కుచ్చులవుతాయి, పైన రెండు కళ్లు మీరు గీయడమే. చేతి అచ్చు కన్నా కాలి అచ్చే మేలు, ఎందుకంటే చెయ్యి వెంటనే నోట్లోకి పోతుంది. ఒకరు బిడ్డను పట్టుకోవాలి, ఒకరు రంగు పూయాలి, తడిగుడ్డ పక్కనే ఉండాలి, ఒక్కరే చేయాలని చూడకండి. ఘనాహారం మొదలైన బిడ్డ, పెరుగు ముందే తిని పడినదైతే, చిక్కటి చప్పటి పెరుగులో కాస్త ఫుడ్ కలర్ కలిపి ట్రేలో వేసి ఇవ్వండి, చేతులతో పూసుకున్నా నాకినా భయం లేదు. జిప్ కవర్‌లో రంగు వేసి గుమ్మడికాయ బొమ్మ మీద టేపుతో అంటించి బిడ్డ చేత తట్టించడం కూడా బాగుంటుంది, కానీ అది ప్లాస్టిక్ కవర్ కాబట్టి నాలుగు వైపులా టేపు వేయండి, ఆట కాగానే తీసి పారేయండి.

మైదా, ఉప్పు కలిపిన పిండిలో చెయ్యి అచ్చు వేయించి ఎండబెట్టే పద్ధతి చాలా చోట్ల కనిపిస్తుంది. ఆ పిండిలో ఉప్పు చాలా ఎక్కువ, పచ్చి మైదాలో సూక్ష్మక్రిములుండే అవకాశం వేరే, పసిబిడ్డ నోట్లోకి ఒక ముద్ద పోయినా మంచిది కాదు. అలాగే నీళ్లలో ఉబ్బే రంగురంగుల జెల్ గోళీలు, వాటర్ బీడ్స్ అంటారు, వాటిని ఇంటి గడప దాటనివ్వకండి. మింగితే కడుపులో ఉబ్బి పేగుకు అడ్డం పడతాయి.

గుమ్మడికాయలో కొవ్వొత్తి పెట్టకండి, పాకే బిడ్డ ఉన్న ఇంట్లో నిప్పు నేల మీద ఉండకూడదు. 2024లో దీపావళి సరిగ్గా అక్టోబర్ 31నే వచ్చింది, మామూలు ఏళ్లలోనూ రెండు పండగలూ కాస్త అటూ ఇటూగా వస్తుంటాయి కాబట్టి ప్రమిదలకూ ఇదే మాట, బిడ్డ చేతికి అందనంత ఎత్తులో పెట్టండి. కొవ్వొత్తి బదులు వాడే చిన్న ఎలక్ట్రిక్ దీపాల్లో మాత్రం ఇంకో ప్రమాదం దాగి ఉంది. వాటిలో చాలావరకు నాణెం లాంటి బటన్ బ్యాటరీలు ఉంటాయి. ఆ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోతుంది, పైకి మాత్రం బిడ్డ కాస్త చొంగ కారుస్తూ చిరాగ్గా ఉన్నట్టే కనబడొచ్చు. అమెరికాలో 2022లో వచ్చిన రీస్ చట్టం ఈ బ్యాటరీల మూత పిల్లలకు తెరుచుకోకుండా ఉండాలని చెప్పింది కానీ, ఆ నియమం అమల్లోకి రాకముందు కొన్న పాత దీపాలు గ్యారేజీ డబ్బాల్లో ఇంకా ఉంటాయి. స్క్రూ లేని మూత ఉన్న దీపం ఏదైనా సరే బయట పడేయండి, డబుల్ ఏ బ్యాటరీలతో వెలిగేవి కొనుక్కోండి. మింగిందేమోనని అనుమానం వచ్చినా ఎదురుచూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. బ్యాటరీ మింగితే తేనె పట్టమని చెప్పేది ఏడాది దాటిన పిల్లలకే, ఏడాది లోపు బిడ్డకు తేనె ఏ సందర్భంలోనూ పెట్టకూడదు, బాట్యులిజం, అంటే నరాలను దెబ్బతీసే ఒక రకం విషప్రభావం, వచ్చే ప్రమాదం ఉంది.

సాయంత్రం సంగతి. అమెరికాలో 2007 నుంచి గడియారాలు వెనక్కి తిప్పేది నవంబర్ మొదటి ఆదివారం, అందుకే అక్టోబర్ 31న చీకటి కాస్త ఆలస్యంగానే పడుతుంది, డల్లాస్‌లో ఆరున్నర దాకా వెలుతురుంటుంది, షికాగోలో ఆరు కాకముందే సూర్యుడు దిగిపోతాడు. మీ ఊరి సమయం చూసుకుని వెలుతురుండగానే నాలుగిళ్లు తిరిగి వచ్చేయండి, బిడ్డ నిద్రవేళ కూడా అదే. హాలోవీన్ సాయంత్రం నడిచేవాళ్లు వాహనాలు ఢీకొని చనిపోయే ప్రమాదం మామూలు సాయంత్రాల కన్నా 43 శాతం ఎక్కువని, నాలుగు దశాబ్దాల లెక్కలు చూసిన ఒక అధ్యయనం 2019లో చెప్పింది. స్ట్రోలర్‌కు వెలుగు పడితే మెరిసే టేపు అంటించండి, నల్లటి బట్టలు మీరు కూడా వేసుకోకండి. ఫ్లూ, ఊపిరితిత్తులకు సోకే ఆర్‌ఎస్‌వీ వైరస్ మొదలయ్యే కాలం కూడా ఇదే, ఆరు నెలల లోపు బిడ్డకు ఫ్లూ టీకా వేయరు, కాబట్టి ముద్దులు పెట్టబోయేవాళ్లను నవ్వుతూనే ఆపండి, ఇంట్లో మిగతావాళ్లు టీకా వేయించుకోండి.

అసలు జాగ్రత్త పడాల్సింది మర్నాడు పొద్దున. అన్నో అక్కో తెచ్చుకున్న సంచిలోంచి రాత్రి గట్టి మిఠాయిలు, చూయింగ్ గమ్‌లు, రేపర్లు సోఫా కిందికి, కార్పెట్ మీదికి జారిపోయి ఉంటాయి, నవంబర్ 1న అందరికన్నా ముందు నేల మీదికి దిగేది పాకే బిడ్డే. పెద్ద పిల్లలు మిఠాయిలు బల్ల దగ్గరే కూర్చుని తినాలని ముందే చెప్పండి, సంచి పై అరలో పెట్టండి, పడుకునే ముందు మోకాళ్ల మీద వంగి బిడ్డ ఎత్తు నుంచి నేలంతా ఒకసారి చూడండి, సోఫా సందుల్లో చెయ్యి పెట్టి తడమండి. గంజాయి చట్టబద్ధమైన రాష్ట్రాల్లో ఉంటే, మామూలు గమ్మీల్లా కనబడే గంజాయి గమ్మీలు సంచిలో కలిశాయేమో చూడండి, ప్యాక్ చేయనివి పారేయండి.

ఏదైనా గొంతుకు అడ్డం పడి బిడ్డ ఏడవలేక, దగ్గలేకపోతే గుడ్డిగా వేలు పెట్టి తీయబోకండి, ఇంకా లోపలికి పోతుంది. ఒకరు 911కి ఫోన్ చేస్తుండగా బిడ్డను ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పట్టుకుని వీపు మీద అయిదు దెబ్బలు, వెల్లకిలా తిప్పి ఛాతీ మీద అయిదు నొక్కులు, అడ్డం పోయేదాకా మార్చి మార్చి చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతూ నోటితో ఊపిరి ఊదడం, మొదలుపెట్టాలి. ఇది చదివితే రాదు, పసిపిల్లల సీపీఆర్ క్లాసుకు పండగ లోపలే వెళ్లండి, విజిట్‌కు వచ్చిన అమ్మానాన్నలనూ తీసుకెళ్లండి. మింగకూడనిది మింగితే ఏం చేయాలో చెప్పే పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222, రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బు అడగరు. ఇంట్లో అందరి ఫోన్లలో ఇవాళే సేవ్ చేయించండి, అమ్మమ్మ ఫోన్‌లో కూడా.