కణితికి రక్తం అందనివ్వని మాత్రలు: ఇంటి దగ్గర వాడే పద్ధతి

మూత్రపిండం లేదా కాలేయం క్యాన్సర్‌కు బరంపురంలోనో విశాఖపట్నంలోనో చూపించుకొని, సొరాఫెనిబ్, సునిటినిబ్, పజోపనిబ్ వంటి మందుల చీటీతో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తిరిగి వచ్చే తెలుగు కుటుంబాలకు ఈ సూచనలు ఉపయోగపడతాయి. మోతాదును క్యాన్సర్ వైద్యుడే నిర్ణయించాలి. ఆ మోతాదు ఆగకుండా సాగడం మాత్రం చాలావరకు ఇంట్లో తీసుకొనే జాగ్రత్తపై ఆధారపడి ఉంటుంది.

కొత్త రక్తనాళాలు లేనిదే కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరగలేదని అమెరికా శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించారు. ప్రాణవాయువు చాలని కణితి వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తుంది. అది పక్కనున్న రక్తనాళాల కణాలపై ఉండే గ్రాహకానికి (సంకేతాన్ని అందుకొనే ప్రొటీన్‌కు) అంటుకొని, కొత్త కొమ్మలు వేయమని సంకేతం పంపుతుంది. ఈ మాత్రల్లో ఉండే, రసాయనశాలలో తయారైన చిన్న అణువులు కణం లోపలికి చేరి, ఆ గ్రాహకం పనిచేయడానికి కావలసిన ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) కూర్చునే చోటును ఆక్రమిస్తాయి. కణితి ఒక్కసారిగా కరిగిపోకపోయినా, పెరగకుండా నిలిచిందంటే మందు పనిచేస్తున్నట్లే. కాబట్టి స్కానింగులో పరిమాణం తగ్గలేదని మాత్రలు మానుకోకూడదు.

సొరాఫెనిబ్, పజోపనిబ్ మాత్రలను భోజనానికి గంట ముందు గాని, రెండు గంటల తరువాత గాని మింగాలి. సునిటినిబ్‌కు ఈ నియమం లేదు. ఒక పూట మరచిపోతే తరువాతి పూట రెండింతలు వేసుకోకూడదు. మన పెరళ్లలో కాసే పంపరపనస ఈ మందుల్లో కొన్నిటి స్థాయిని రక్తంలో పెంచగలదు కాబట్టి దానిని మానడమే మంచిది. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఇందుకు విరుద్ధంగా ఆ స్థాయిని తగ్గిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది రక్తపోటు. మొదటి ఆరు వారాలు కనీసం వారానికొకసారి దగ్గరి ఆరోగ్య కేంద్రంలో కొలిపించి, తేదీతో పుస్తకంలో రాసుకోవాలి. 140/90 దాటితే వైద్యునికి తెలపాలి; తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఛాతీ నొప్పి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఒళ్లు నొప్పులకని ఊళ్లో వేయించుకొనే డైక్లోఫినాక్ సూది రక్తపోటును, రక్తస్రావ ప్రమాదాన్ని పెంచుతుంది.

అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొక్కులు రావడం సాధారణం. మందు మొదలుపెట్టకముందే అరికాలి కాయలను తీయించుకొని, యూరియా లేపనం రాసుకొంటూ, మెత్తని చెప్పులు వాడాలి. జీడిగింజలు వలిచే పనిని మానాలి, ఎందుకంటే జీడి సొన మామూలు చర్మాన్నే కాల్చేస్తుంది.

సునిటినిబ్ వాడేవారి చర్మం మందు రంగు వల్లనే పసుపుగా మారవచ్చు. దానిని కామెర్లనుకొని పసరు తాగించడం ప్రమాదకరం, ఎందుకంటే ఈ మందుకు కాలేయాన్ని దెబ్బతీసే స్వభావం ఉంది, పసరు ఆ భారాన్ని మరింత పెంచవచ్చు. కంటి తెల్లగుడ్డు పచ్చబడి, మూత్రం ముదురు రంగులో వస్తే మాత్రం అది నిజంగానే కాలేయానికి సంబంధించినది కావచ్చు, రక్తపరీక్ష చేయించాలి.

ఖర్చుకు భయపడి మాత్రలను విరిచి పంచుకోకుండా, జెనెరిక్ రకం (అదే మందును వేరే సంస్థ తక్కువ ధరకు తయారుచేసేది) ఉందా అని అడగాలి. హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థకు 2012లో తప్పనిసరి లైసెన్సు (పేటెంటుదారు ఒప్పుకోకపోయినా మందు తయారుచేసేందుకు ప్రభుత్వమిచ్చే అనుమతి) లభించినప్పుడు, నెలకు సుమారు 2,80,000 రూపాయలున్న సొరాఫెనిబ్‌ను 8,880 రూపాయలకు మించకుండా అమ్మాలని నిర్ణయించారు.

ఈ మందులు పుండు మానడానికి కావలసిన రక్తనాళాలను కూడా అడ్డుకొంటాయి. అందువల్ల పన్ను పీకించుకోవాలన్నా, శస్త్రచికిత్స చేయించుకోవాలన్నా, మందు ఎప్పుడు ఆపి ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలో క్యాన్సర్ వైద్యుని ముందుగా అడిగి, ఆయన రాసిచ్చిన చీటీని అక్కడి వైద్యునికి చూపించాలి.